ఫొటో వెనక పేరు

మా గూడేల్లో ఫొటో అంటే చాలా ఏళ్లపాటు సర్కారు అడిగితే దిగేదే. రేషన్ కార్డుకు ఒకటి, ఓటరు కార్డుకు ఒకటి, హాస్టల్‌లో చేరితే పాస్‌పోర్టు సైజువి నాలుగు. తల ఎత్తు, నవ్వకు, కొంగు సరిచేసుకో అని కెమెరా వెనక నుంచి ఎవరో చెప్పేవారు. మన ముఖమే, కానీ కాయితం మీద అంటించి ముద్ర కొట్టాక అది ఆఫీసు సొత్తు.

ఇంటివాళ్లంతా కలిసి దిగిన మొదటి ఫొటో మీ ఇంట్లో ఏది అని మా బడి పిల్లల తల్లిదండ్రులను అడుగుతుంటాను. ఎక్కువమంది చెప్పేది ఒకటే, ఉపాధి హామీ జాబ్ కార్డు. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదట మొదలైన 200 జిల్లాల్లో మన ఉమ్మడి ఆదిలాబాద్ ఒకటి. పనికి పోయేది పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు కాబట్టి కార్డు మీద పెద్దవాళ్ల ఫొటోనే ఉంటుంది. మా పుట్టింటి కార్డులో బాపు, అవ్వ, పెద్దన్న, వదిన మట్టిగోడకు ఆనుకొని నిలబడ్డారు. కింద మూలన అవ్వ కొంగు పట్టుకొని ఒక చిన్న చెయ్యి కనిపిస్తుంది. అది మా అన్న కొడుకుది. పక్కకు జరగమని ఎంత చెప్పినా వాడు కొంగు వదల్లేదట. ఇప్పుడు వాడు ఆటో నడుపుతున్నాడు. ఆ కార్డు ఎప్పుడు బయటికి తీసినా ‘నా చెయ్యి చూడు’ అని వచ్చినవాళ్లకు చూపిస్తాడు. లెక్కలోకి రాకపోయినా ఫొటోలోకి వచ్చానని వాడికి గర్వం.

బాపు పోయినప్పుడు ఇంట్లో ఆయనది వేరే ఫొటో లేదు. అన్న ఆ జాబ్ కార్డు పట్టుకొని స్టూడియోకు పోయాడు. రెండు రోజుల తర్వాత ఫ్రేము కట్టించిన పెద్ద ఫొటో వచ్చింది. వెనక నీలం రంగు పరదా, ఒంటి మీద నల్ల కోటు, మెడలో టై. తలపాగా తీసేసి నున్నగా దువ్విన జుట్టు పెట్టారు. రంగు కూడా తెల్లబరిచారు. స్టూడియోవాళ్లు గౌరవంగా ఉంటుందనే చేసి ఉంటారు. అందరికీ అట్లాగే చేస్తారు. అవ్వ చాలాసేపు చూసి గోండీలో ఒక్క మాట అన్నది, ‘ఈయన ఎవరో నాకు తెలవదు’ అని.

అన్న మళ్లీ పోయాడు. ఉన్నది ఉన్నట్టు ఇవ్వమన్నాడు. రెండోసారి వచ్చిన ఫొటోలో తలపాగా ఉంది, గోడ ఉంది, మెడ మీద ఎండకు కాలిన మచ్చ కూడా ఉంది. గుంపులోంచి కత్తిరించడంతో బాపు భుజం పక్కన అవ్వ భుజం సగం మిగిలిపోయింది. దాన్ని చెరిపేస్తామని స్టూడియోవాళ్లు అంటే అవ్వే వద్దన్నది. ఆ సగం భుజంతోనే ఆ ఫొటో ఇప్పుడు ఇంట్లో వేలాడుతున్నది.

అప్పటి నుంచి నాకు ఒక ఆలోచన పట్టుకున్నది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లలో ఎంతమంది ముఖాలు వాళ్ల మనవళ్లకు తెలుసు? స్థూపం దగ్గర తల వంచి నిలబడతాం. ఎవరి ముందు తల వంచుతున్నామో చూపించడానికి ఇంట్లో ఒక ఫొటో ఉన్నవాళ్లు ఎందరు?

మనవాళ్ల ఫొటోలు అసలే లేవని కాదు. ఉన్నాయి, చాలా దూరంలో. 1940లో జోడెఘాట్ దగ్గర కొమురం భీం అమరుడైన తర్వాత గోండుల బాధ ఏమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు తోచింది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆ కాలంలోనే భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. మనలో తొలి తరం పంతుళ్లు అక్కడ తయారైనవాళ్లే. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయికే తెచ్చి సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. ఇప్పుడు ఇద్దరి సమాధులూ మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. ఆయన తీసిన ఫొటోలు మాత్రం లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో చూడొచ్చు.

నేను ఫోన్‌లో చూసి, మా పెద్ద మామకు కూడా చూపించాను. నేను చూసిన వాటిలో చాలావాటికి మనిషి పేరు లేదు. గోండు స్త్రీ, గోండు యువకుడు, అంతే. మామ ముందు మనుషులను చూడలేదు. వెనక ఉన్న ఇంటి కప్పు చూశాడు, బండి చక్రం చూశాడు, గడ్డి వామి ఎట్లా వేశారో చూశాడు. తర్వాత ఒక ఆడమనిషి ఫొటో దగ్గర ఆగాడు. ‘ఈమె మనవరాళ్లు ఇక్కడే ఎక్కడో ఉంటరు. పత్తి చేన్లనో, నీ బడిలనో. వాళ్లకెట్ల తెలుస్తది ఈమె మా అవ్వ అని?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. హైమన్‌డార్ఫ్‌ను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన తీయకపోతే ఆ ముఖాలు కూడా ఉండేవి కావు.

మన దగ్గర పేర్లు దాచే మనిషి వేరే ఉన్నాడు, ప్రధాన్. కిక్రీ మీద కమాను లాగుతూ మన సగ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పేరు తర్వాత ఏ పేరు అని తప్పుపోకుండా పాడతాడు. అక్షరం లేని రోజుల్లో మన రికార్డు రూము ఆయన నోరే. ప్రధాన్ దగ్గర పేర్లున్నాయి, ముఖాలు లేవు. లండన్‌లో ముఖాలున్నాయి, పేర్లు లేవు. ఈ రెండూ ఒక్క కాయితం మీద కలపగలిగేది ఇంట్లో ఫోను పట్టుకున్న మన పిల్లలే.

కానీ మన పిల్లలు తీసేది ఏమిటి? జాతర నుంచి వచ్చేసరికి ఒక్కొక్కరి ఫోన్‌లో మూడు నాలుగు వందల ఫొటోలుంటాయి. వాటిలో సగం తమవే. స్టేటస్‌లో పెడతారు, రేపటికి పోతుంది. ఇంకో సగం గుస్సాడీలవి. నెమలి ఈకల టోపీ, బూడిద పూసుకున్న ఒళ్లు, చేతిలో కర్ర. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఇటు తిరుగు, అటు తిరుగు అంటారు. మనవాళ్లూ అదే నేర్చుకున్నారు. గుస్సాడీ అంటే బయటివాళ్లకు తెలిసిన పేరు ఒక్కటే, 2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి కనకరాజు గారిది. మిగిలినవాళ్లంతా ఈకల టోపీలే. దండారీ కట్టి మన ఊరికి వచ్చిన మనిషి ఏ ఊరివాడు, మనకు ఏమవుతాడు అన్నది ఫొటో తీసిన మన పిల్లవాడికే తెలియకపోతే, ఆ ఫొటోకు లండన్‌లో ఉన్న ఫొటోకు తేడా ఏముంది?

మా మెట్టినింటివాళ్లు మెస్రంలు. పుష్య మాసం అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా పూజ వాళ్లదే. పూజకు నీళ్ల కోసం కాలినడకన జన్నారం వైపు హస్తినమడుగు దాకా పోయి గోదావరి నీళ్లు తెస్తారు. పెళ్లయి వచ్చిన కోడళ్లు నాగోబా ముందు భేటింగ్ అయితేనే ఆ ఇంటివాళ్లయినట్టు. నా భేటింగ్ 2003లో అయింది. ఆ రాత్రి జాతరకు వచ్చిన ఒక ఫొటోగ్రాఫర్ రీలు కెమెరాతో తీసిన ఫొటో ఒకటి మా అత్త పెట్టెలో ఉండేది. ఎనిమిది మంది కొత్త కోడళ్లు వరసగా నిలబడ్డారు. అందరివీ తెల్ల చీరలే, అందరి ముఖాల మీదా ముసుగే. ‘అమ్మా, ఇందులో నువ్వెవరు?’ అని నా కూతురు అడిగితే చెప్పలేకపోయాను. ముసుగులోంచి నేను చూసింది నా ముందు నిలబడ్డామె మడమలనే.

ఒకసారి మా అవ్వ వచ్చినప్పుడు చూపించాను. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. ఎడమ నుంచి మూడో మనిషి పాదం మీద వేలు పెట్టి ‘ఇదిగో’ అన్నది. చిన్నప్పుడు కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారి నా బొటనవేలు వంకరపోయింది. ఆ వేలు చూసి పట్టింది. అదే రోజు మా అత్తను కూర్చోబెట్టి మిగిలినవాళ్లను అడిగాను. ఒకామెను గాజులను బట్టి చెప్పింది, ఇంకొకామెను నిలబడే తీరును బట్టి. పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, ఇప్పుడు ఎక్కడున్నదీ చెబుతూ పోయింది. అట్లా ఆరుగురి పేర్లు ఫొటో వెనక పడ్డాయి.

పెన్సిల్‌తో రాశాను. టీచర్లకు ఈ మాట చెప్పాలి. బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే అచ్చు ముందువైపు తేలుతుంది, సిరా కూడా పక్కదానికి అంటుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాస్తే చాలు. జిగురు పేజీలుండే ఆల్బములు వద్దు. కొన్నేళ్లకు ఫొటో ఆ జిగురుకు అతుక్కుపోయి, ఊడదీస్తే పొర లేస్తుంది. పొయ్యి పొగ తగిలేచోట, వానకు చెమ్మ దిగే గోడకు వేలాడదీయకండి. ఫోన్‌లో తీసినవాటిని వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, ఎప్పుడు తీశామన్న వివరం కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఏడాదికి పది ఫొటోలైనా కాయితం మీద వేయించండి. ఫోను వాగులో పడితే, స్క్రీను పగిలితే అంతా ఒక్కసారే పోతుంది. మా ఆడపడుచు పెళ్లి ఫొటోలు అట్లాగే పోయాయి.

మా ఆయన గోదావరి నీళ్లకు నడిచిపోయేటప్పుడు నేనొక పని చెప్పాను. గుంపుగా నిలబడి దిగినవి ఒకటి రెండు చాలు, రాత్రి ఆగిన ప్రతిచోటా ఒక ఫొటో తీసి ఆ ఊరి పేరు, అన్నం పెట్టిన ఇంటివాళ్ల పేరు చెబుతూ ఫోన్‌లోనే మాట రికార్డు చేయమన్నాను. మొదటి ఏడు విసుక్కున్నాడు. ఇప్పుడు కొన్ని ఊళ్లలో ఆ ఇళ్లవాళ్లే ‘పోయినేటి మా ఫొటో తెచ్చినవా?’ అని అడుగుతున్నారట. అడిగి తీయడం, తీసింది తిరిగి ఇవ్వడం, ఇవి రెండూ మా ఇంట్లో నియమం. పూజ జరిగేటప్పుడు ఫోను జేబులోనే ఉండాలన్నది మా మామ పెట్టిన నియమం. ముసుగులో ఉన్న కొత్త కోడళ్ల ముఖం మీదికి ఫోను లైటు వేసే కుర్రవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. బడిలోనైతే బెంచీ ఎక్కించేదాన్ని.

నేను మాత్రం జాతరలో ఎవరూ తీయనివి తీస్తాను. మెస్రంలు వండుకునే 22 పొయ్యిల దగ్గర పొగకు కళ్లు తుడుచుకుంటున్న ఆడవాళ్లను, మర్రిచెట్ల కింద విప్పిన బండ్లను, బండి కింద పడుకున్న ముసలివాళ్లను. వెనక ఏమున్నదో కూడా చూసి తీస్తాను. మా కొడుకు చిన్నప్పుడు దిగిన ఒక ఫొటోలో వెనక పాత గుడి ఉంది. మెస్రంలు చందాలు వేసుకొని కట్టిన రాతి గుడి 2022 డిసెంబరులో తెరిచారు. తర్వాత ఆ ఫొటో చూసి వాడు ‘ఈ గుడి ఎక్కడిది?’ అన్నాడు. వాడు ఆ గుడి మెట్ల మీద ఆడుకున్నవాడే. కవ్వాల్ అడవిలోంచి మైసంపేట, రాంపూర్ గూడేలవాళ్లు బయటికి వచ్చారు. ఇప్పుడు వాళ్ల పిల్లలకు పాత ఊరంటే ఎవరి ఫోన్‌లోనైనా మిగిలిన చింతచెట్టు, బావి గట్టు, ఇంటి వాకిలి. తీసినప్పుడు వాటి కోసమని ఎవరూ తీసి ఉండరు. మనిషి వెనక వచ్చి పడినవే.

బడిలో నాలుగు, ఐదు తరగతులకు ఏటా ఒక పని ఇస్తాను. ఇంట్లోంచి ఒక ఫొటో తెచ్చి, అందులో ఎవరెవరున్నారు, నీకేమవుతారు, ఎక్కడ దిగారు అని పెద్దలను అడిగి రాసుకురావాలి. వరసలు గోండీలోనే రాయమంటాను. తెలుగులో మామ అంటే ఎవరైనా కావొచ్చు, మన భాషలో ఎవరో తేలిపోతుంది. ఒక ఏడాది ఒక కొలాం పిల్ల ఉత్త చేతులతో వచ్చింది. వాళ్లింట్లో ఫొటో లేదు. వాళ్ల తాత చెప్పినట్టు ఆయన తమ్ముడి బొమ్మ గీసుకొచ్చింది. మీసం ఇట్లా, చెవికి పోగు ఇట్లా, వెదురు తట్ట అల్లుతూ కూర్చున్నట్టు. కింద పేరు, ఊరు, పోయిన ఏడు. ఆ ఏడాది తరగతిలో అన్నిటికన్నా నిండుగా ఉన్న కాయితం అదే. తర్వాత వాళ్ల తాతను బడికి పిలిచి, ఆ బొమ్మ చేతికిచ్చి ఫొటో తీశాను. వేయించి ఇస్తే తాత ఫొటో తిప్పి వెనక చూశాడు. చదువు రాదు. ‘నా పేరేనా?’ అని అడిగి, పిల్లతో రెండుసార్లు చదివించుకున్నాడు.

నా భేటింగ్ ఫొటోలో ఇంకా ఇద్దరి పేర్లు తేలలేదు. కుడివైపు చివరామె, ఆమె పక్కనామె. చివరామెను పిట్టబొంగరం నుంచి తెచ్చుకున్నట్టు గుర్తని మా అత్త అంటుంది. అక్కడ మా వరసకు వదిన ఒకామె ఉంది. పత్తి తీత అయిపోయాక ఒక ఆదివారం ఫొటో పట్టుకొని పోదామనుకుంటున్నాం. అవ్వ కూడా వస్తానంటున్నది.