సంచీలో శనగలు

"ఏ లెన్సు కొనమంటారు?" అని ఫోన్ చేసేవాళ్లకు నిజానికి సలహాతో పని లేదు. కొనేదేదో ముందే ఖాయం చేసుకుని ఉంటారు. మన చేత ఊఁ అనిపించుకోవాలి, అంతే. ఆ కొనేది ఎప్పుడూ ఆరొందల ఎంఎమ్మే. నాలుగొందలు చాలదా అన్నామో, వాళ్లింటి పెళ్లికెళ్లి పప్పులో ఉప్పు తగ్గిందన్నట్టు అటువైపు మాట పడిపోతుంది.

మొన్న మా తోడల్లుడి కొడుకూ అంతే.

"బాబాయ్, సిక్స్ హండ్రెడ్ తీసేసుకోనా?"

"ఎక్కడికి పోయి తీస్తావురా?"

"అదింకా అనుకోలేదు."

ఎక్కడికో తేలకుండా ఎంత కావాలో ఎలా తేలుతుంది? గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు గట్టు మీద నిలబడితే గూడబాతులు మన నెత్తి మీంచే వాలతాయి. అక్కడ ఆరొందలు పెడితే ఫ్రేములో పిట్ట పట్టదు, దాని ముక్కుసంచీ ఒక్కటే పడుతుంది. మూడొందలు హాయి. పులికాట్ సంగతి వేరు. ఫ్లెమింగోలు ఎక్కడో నీళ్ల నడిమధ్యన గులాబీ గీతలా కనిపిస్తాయి. పదకొండు గంటల ఎండలో వాటికి ఆరొందలు కాదు, వెయ్యి గురిపెట్టినా కాళ్లు వంకర్లు తిరిగి, మెడలు మెలికలు పడి వస్తాయి. నేల వేడికి గాలి ఊగుతుంటే దాంట్లోంచి వచ్చే బొమ్మ ఊగదా? దానికి ఏ లెన్సూ మందు కాదు. తెల్లారకముందే సూళ్లూరుపేటలో దిగాలి. పైగా మావాడిది క్రాప్ సెన్సరు బాడీ, ఒకటిన్నర రెట్లది. నాలుగొందలు తగిలించినా ఆరొందలంత దగ్గరగా చూపిస్తుంది. చెప్తే నమ్మడు. యూట్యూబులో ఎవరో ఇంకోలా చెప్పారట.

ఆరొందలంటే అన్నీ ఒకటే అనుకుంటారు, అదొకటి. ఎఫ్/4 ఆరొందలు మూడు కిలోల పైమాటే, ధర పది లక్షలు దాటుతుంది. మనలాంటివాళ్లు కొనేది నూటయాభై-ఆరొందల జూమ్, రెండు కిలోలు, ఆ చివరకెళ్లేసరికి ఎఫ్/6.3. అంటే ఎఫ్/4 పట్టే వెలుగులో దీనికి దక్కేది ఐదింట రెండు వంతులు. నల్లమలలో ఫరహాబాద్ వైపో, తుమ్మలబైలు వైపో పొద్దున్నే జీపెక్కితే చెట్ల కింద చీకటి ఇంకా వీడి ఉండదు. అలాంటి చోట ఐఎస్ఓ పెంచుకుంటూ పోవాల్సిందే. పెంచితే పెంచారు, గింజలు పడ్డ ఫొటో అయినా పర్లేదు గానీ కదిలిపోయిన ఫొటో దేనికీ పనికిరాదు. కదలకుండా ఉండటానికి ఏం చేస్తున్నావని మాత్రం ఏ ఒక్కరూ అడగరు.

అడగాల్సింది అదే. జీపులో ట్రైపాడ్ పెట్టడానికి చోటుండదు, మోనోపాడ్ పక్కవాడి కాలి మీద ఆనుతుంది. కావాల్సింది లెన్సు ఆనించుకునే సంచీ. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి దగ్గర కత్తిరించి, ఒక మూతి కుట్టేసి, రెండోదానికి జిప్పు వేయించుకుంటే అయిపోయె. మా వీధి టైలరు తిప్పితిప్పి చూసి "దిండా సార్ ఇది?" అన్నాడు. అవునన్నాను. డబుల్ కుట్టు వేయమన్నాను. దిండుకి డబుల్ కుట్టెందుకని కాసేపు వాదించాడు గానీ వేశాడు.

ఇందులో ఏం పోయాలన్నది పెద్ద విషయం. బొరుగులు తేలిక, లెన్సు పెట్టగానే అణిగిపోతాయి. ఇసుక బరువు బాగానే ఉంటుంది కానీ కుట్ల సందుల్లోంచి కారి లెన్సు రింగులో చేరితే ఆ కరకర జన్మంతా వినాలి. బియ్యం మెత్తగా ఒదుగుతాయి, వాన పడితే ముద్దయి పులుస్తాయి. రాజ్మా జారుతుంది. పెసలు మంచివే. నా ఓటు మాత్రం శనగలకే. లెన్సు బరువుకి అవే సర్దుకుని, సర్దుకున్న చోటే నిలబడతాయి. సంచీ ఖాళీగా మడిచి బ్యాగులో పడేసుకోవచ్చు, దిగిన ఊళ్లో కిరాణా కొట్టులో మూడు కిలోలు పోయించుకోవచ్చు. పని అయ్యాక నానబెట్టి, తిరగమోత వేసి, గుగ్గిళ్లు చేసుకోవచ్చు. ఏ లెన్సుకుందీ సుగుణం?

అంత తేలిగ్గా అయ్యేదానికి నగరంలో ఓ పెద్ద కెమెరా షాపువాడు నాలుగువేలు గుంజాడు. పైన ఏదో విదేశీ గుడ్డ, లోపల థర్మోకోల్ గుళ్లు. లెన్సు ఆనిస్తే పక్కకు ఒరుగుతుంది, ఊపిరి తీస్తే ఊగుతుంది. వెనక్కి ఇవ్వబోతే "ప్రొఫెషనల్స్ ఇదే వాడతారు సార్" అన్నాడు. ఆ సార్ అనడంలో ఉన్న జాలి నాకింకా చెవిలో ఉంది. ఇప్పుడది మా పిల్లి పడక. పిల్లి బరువుకి బానే సరిపోయింది.

ప్రొఫెషనల్స్ అంటే గుర్తొచ్చింది. మద్రాసులో ఎం. కృష్ణన్ అని ఉండేవారు, 1996లో పోయారు. ఏనుగుల్ని నలుపు తెలుపుల్లో ఆయన తీసినట్టు ఇంకెవరైనా తీశారా అంటే నాకు అనుమానమే. ఆయన కెమెరా ఏ ఒక్క కంపెనీదీ కాదు. బాడీ ఒకచోటిది, లెన్సు మరోచోటిది, అన్నీ కలిపి తానే బిగించుకున్నారు. దానికి సూపర్ పాండరోసా అని ముద్దుపేరు. మోసుకుని అడవుల్లో నడిచేవారు.

ఇంక కలివి కోడి అనే పిట్ట దగ్గర ఈ మిల్లీమీటర్లేవీ చెల్లవు. 1900 తర్వాత దాన్ని చూసినవాడు లేడు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దొరికింది. పట్టినవాడు ఐతన్న, ఆ ఊరి చుట్టుపక్కల వేట తెలిసిన మనిషి. అక్కడివాళ్లకు ఆ పిట్ట కొత్తేం కాదు, లేదనుకున్నది మనమే. తర్వాత లంకమల పొదల్లో దాన్ని వెతికినవాళ్లు ఏం చేశారో తెలుసా? పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, మర్నాడొచ్చి అడుగుల అచ్చులు చూసేవారు. అచ్చు పడ్డ చోట కెమెరా ట్రాప్ పెట్టేవారు. ఎదురుగా పిట్ట నడిస్తే దానంతటదే క్లిక్కుమనే పెట్టె. మనిషి ఇంట్లో నిద్రపోవచ్చు. ఆ పొదల్లోకే తెలుగుగంగ కాలువ తవ్వకం వచ్చిపడితే పెద్ద గొడవై, చివరికి కాలువ దారే మార్చారు. మూరెడు లేని పిట్ట కోసం! రాయలసీమలో కాలువ దారి మార్పించడం అంటే మాటలా? మా ఊరి కాలువ కోసం మా తాత ఎన్ని అర్జీలు పెట్టాడో, జానెడు కూడా జరపలేదు.