కమాను పట్టీల మీద మంజీర దాకా

"ఇరవై ఎనిమిది" అన్నాడు పాత ఇనుము దుకాణం కుర్రాడు, కాంటా డబ్బామీద ఎర్రంకెలు చూసి.

పొద్దున ఏడయింది. కిష్టారెడ్డిపేటలో షట్టరు ఇంకా సగమే లేచిన ఆ తుక్కు దుకాణం ముందు మా బుల్లి ట్రైలరు ముక్కును కాంటా మీద ఆనించి నిలబడ్డాం, నేనూ మా బామ్మర్దీ ఫిట్టరు పెద్దాయనా. ముందురోజు రాత్రి లారీల కాంటా మీద మొత్తం బరువు జోకిస్తే ఆరువందల అరవై కిలోలు తేలింది. కాగితాల్లో రాసిన పరిమితి ఏడువందల యాభై కాబట్టి మేం గెలిచామనే అనుకున్నాం. పెద్దాయన మాత్రం మెచ్చలేదు. మొత్తం ఎంతుందని కాదు, ముక్కు మీద ఎంతుందో చూడాలన్నాడు. అందుకే మళ్లీ ఈ కాంటా.

"ఆరువందల అరవైకి ఇరవై ఎనిమిదేంది సార్? యాభై దాటాలె. ఎనక బరువైతే కాడి పైకి లేస్తది, ముందట బరువైతే ఎడ్ల మెడలు పుండ్లయితయి. మా నాయన బండి కట్టేటప్పుడు గడ్డి మోపు ఒక్కటి ముందుకు జరిపి సూస్తుండె" అన్నాడు పెద్దాయన.

నేను రెండు నెలలు రాత్రుళ్లు మేలుకుని చదివిందీ అదే. ట్రైలరు మొత్తం బరువులో పదోవంతు, కనీసం దాని దరిదాపుల్లో, కారు కొక్కెం మీద పడాలి. లేకపోతే వేగం పెరిగేకొద్దీ వెనకభాగం ఊగడం మొదలుపెడుతుంది, ఒకసారి మొదలైతే బ్రేకు వేసినా ఆగదు. చదివాను, కాగితం మీద లెక్కా వేశాను, అయినా అరవై లీటర్ల నీళ్ల ట్యాంకును వంటగది కిందే పెట్టించాను. వంటగది వెనక ఉంది, నీళ్లు అక్కడే కావాలి కదా! ట్యాంకు విప్పి ఇరుసుకు ముందువైపు బిగించేసరికి పదకొండయింది. మళ్లీ కాంటా ఎక్కిస్తే యాభై ఆరు. పెద్దాయన బీడీ వెలిగించాడు. అదే ఆయన సంతకం.

ఈ ఊరెక్కడో చెప్పలేదు కదూ. బొంబాయి హైవే మీద పటాన్‌చెరు వైపు పోతూ, బీరంగూడ కమాను దగ్గర కుడికి తిరిగి లోపలికి వస్తే కిష్టారెడ్డిపేట. ఒకప్పటి పొలాల మధ్య ఇప్పుడు అపార్టుమెంట్లు, వాటి మధ్య మిగిలిపోయిన ఖాళీ ప్లాట్లలో గేట్లు, గ్రిల్సు చేసే వెల్డింగ్ షెడ్లు. చుట్టూ బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఫిట్టరు ఇంటిముందు రేకుల షెడ్డు వేసుకుని కూర్చుంటే, ఆయన చేతిలో ఉన్న పని మనకు దక్కుతుంది. అమీన్‌పూర్ చెరువు పక్కనే. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని ప్రకటించిన చెరువది. మా ట్రైలరుకు రంగు ఆరుతున్న రోజుల్లో సాయంత్రాలు అక్కడికే పోయి కూర్చునేవాళ్లం.

మేం ట్రైలరును మొదటినుంచీ తయారుచేయలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలరు కూడా వాహనమే, దానికీ రిజిస్ట్రేషను కావాలి. అందుకని కాగితాలున్న చిన్న సరుకుల ట్రైలరు కొన్నాం. ఛాసిస్‌ను కోయడం, అతకడం మా జోలి కాదనుకున్నాం. పైన మాత్రం ఏడడుగుల పొడవు పెట్టె కట్టించాం, పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, దానిపై అల్యూమినియం రేకు. ముందు గుండ్రంగా, వెనక వాలుగా, నీటిబొట్టు పడుకున్నట్టుంటుంది. అమెరికాలో 1940ల్లో ఇళ్ల వెనక షెడ్లలో ఇలాంటివే కట్టుకునేవారట, పత్రికల్లో అచ్చయిన నక్షాలు చూసి. లోపల ఇద్దరు పడుకోవచ్చు, కూర్చోవాలంటే మాత్రం తల వంచాలి. వెనక తలుపు పైకెత్తితే వంటగది.

"కమాను పట్టీలేంది బావా, పాతకాలం! రబ్బరు ఇరుసులు వచ్చినయి గదా" అన్నాడు బామ్మర్ది, లీఫ్ స్ప్రింగుల మాట రాగానే. వచ్చాయి, నేనూ చూశాను, ముచ్చటపడ్డాను కూడా. అప్పుడు పెద్దాయన ఒకే ప్రశ్న వేశాడు: "అది జోగిపేట అవతల ఇరిగితే ఎవరు బాగుచేస్తరు?" కమాను పట్టీలున్న ట్రాలీ లేని ఊరు తెలంగాణలో లేదు. పట్టీ విరిగినా, బోల్టు తెగినా, బుష్ అరిగినా ట్రాక్టరు మెకానిక్కు దగ్గర దొరుకుతుంది. అదే లెక్కన హబ్బులూ చక్రాలూ మా బొలేరోవే వేయించాం, 215/75 ఆర్15 టైరు. కారుకైనా ట్రైలరుకైనా ఒకటే స్టెప్నీ. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పనులు మహా అయితే రెండు, ఇదొకటి.

రెండోది దుమ్ము సంగతి. మొదటిసారి సుల్తాన్‌పూర్ వైపు మట్టిదారిలో పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి వెనక తలుపు తీస్తే గిన్నెల నిండా ఎర్రమట్టి. తలుపుకు రబ్బరు బీడింగు ఇంకో వరస వేయించాం. అయినా వచ్చింది. కదిలే పెట్టె వెనక గాలి పలచబడుతుంది, ఆ వెలితి దుమ్మును లోపలికి లాగుతుంది. ఎంత మూసినా ఏదో సందు దొరుకుతుంది దానికి. మందు తిరగేసి వేయాలి: ముందువైపు కప్పులో చిన్న నోరు తెరిచి, దానికి కారు ఏసీ ఫిల్టరు అడ్డంపెడితే, నడుస్తున్నంతసేపూ శుభ్రమైన గాలి లోపలికి దూరి, లోపలి గాలిని సందుల్లోంచి బయటికి తోస్తుంది. ఆ రంధ్రం కొట్టడానికి పెద్దాయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. "దుమ్ము రావద్దని బొక్క కొట్టుడేంది సార్?"

గ్యాసు విషయంలో ఆయన మాటే నెగ్గింది. ఐదు కిలోల సిలిండరును బయట ముక్కుమీద పెట్టెలో ఉంచి, ఆ పెట్టెకు అడుగున రంధ్రాలు కొట్టాడు. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే కిందికే దిగుతుంది, పైన ఎన్ని కిటికీలున్నా లాభం లేదు.

ఇక తెలివితక్కువ పని. ఇరుసు, కమాను పట్టీలు కూర్చునే ప్లేట్లు అన్నీ విప్పించి పౌడర్ కోటింగుకు పంపాను. నల్లగా, మట్టిముద్ర పడని నలుపు. కమాను ఆనే చోట రంగు వద్దని పెద్దాయన ముందే చెప్పాడు. కోటింగు షాపులో ఆ మాట చెప్పడం నేను మర్చిపోయాను. వచ్చాక చూసి ముఖం చిట్లించాడు. రేపే మంజీర ప్రయాణమని నేను తొందరపెట్టాను. బిగించాడు, ఛాసిస్ మీద చాక్‌పీసుతో "50" అని రాశాడు. యాభై కిలోమీటర్లు పోయాక యు బోల్టులు మళ్లీ బిగించుకోవాలని దానర్థం. బయల్దేరే ముందు ఫోటో తీస్తూ, ఆ అంకె అడ్డంగా ఉందని, చేతిరుమాలుతో తుడిచేశాను.

బొల్లారం వైపు నుంచి అడ్డదార్లు పట్టి గుమ్మడిదల దగ్గర నర్సాపూర్ రోడ్డెక్కాం. నవంబరు నెల. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. మామూలుగా అయితే కారును పక్కకు తిప్పి పోతాం. వెనక ట్రైలరు ఉంటే ఆ పప్పులుడకవు, మలుపులో అది మనకన్నా లోపలిగా కోసుకుపోతుంది. ఒక రాయిని తన్నాం. పారతో వడ్లు తిరగేస్తున్న ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది, తిడుతుందనుకున్నా. "గీ డబ్బాల ఏమున్నది బిడ్డా, ఐస్‌క్రీమా?" అంది.

నర్సాపూర్ అడవిలో చాయ్ తాగుదామని ఆపడం తప్పే. తెరిచిన వంటగది తలుపు కోతులకు హోటలు బోర్డులా కనిపించి ఉంటుంది. అరటిపండ్లు పోయాయి, బ్రెడ్డు పోయింది. ఒక పెద్ద కోతి మా సోలారు పలక మీద కూర్చుని బామ్మర్ది వంక చూస్తూ తాపీగా తొక్క తీసింది. ఆ పలకతో నిండే వంద ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, చిన్న ఫ్రిజ్జు, రెండు లైట్లు, ఫ్యాను, ఇవన్నీ ఎంత పదిలంగా అమర్చానో! పండ్ల బుట్టకు మూత పెట్టాలని మాత్రం తట్టలేదు.

కొల్చారం దాటి, పోతంశెట్టిపల్లి దగ్గర ఏడుపాయల దారి పట్టాక అద్దంలో ఏదో తేడాగా అనిపించింది. ట్రైలరు మా వెనకే వస్తోంది గానీ పీతలా, ఓరగా. ఆపి దిగేసరికి రబ్బరు మాడిన వాసన. ఎడమ చక్రం వెనక మడ్‌గార్డును రాసుకుంటోంది. కిందకు దూరి చూస్తే యు బోల్టు నట్లు చేత్తోనే తిరుగుతున్నాయి. సెంటర్ బోల్టు తెగింది, ఇరుసు ఆ పక్క ఒకటిన్నర అంగుళం వెనక్కి జారింది. బోల్టు కింద నలిగిన పౌడర్ కోటింగు వేయించిన పల్లీ పొట్టులా ఊడి వస్తోంది. అప్పటికి మీటరులో అరవై రెండు కిలోమీటర్లు.

బామ్మర్ది ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

అటుగా బండిమీద పోతున్న ఒకాయన ఆగి చూసి, ఫోన్ చేసి ట్రాక్టరు మెకానిక్కును పిలిపించాడు. పాతికేళ్లు కూడా ఉండవు ఆ పిల్లవాడికి. మా ఖరీదైన పనిముట్ల పెట్టె వైపు చూడనైనా చూడలేదు. జాకీ ఎత్తి, యు బోల్టులు ఊడదీసి, ఉలితో పట్టీ ఆనే చోట రంగంతా గీకేశాడు, ఇనుము తెల్లగా తేలేదాకా. "ఇనుము మీద ఇనుము కూసోవాలె సార్. నడుమల పెయింటు ఉంటె అది నలుగుతది, నట్టు ఒదులైతది." గడ్డపారతో ఇరుసును ముందుకు నెట్టి, తన రేకు డబ్బాలోంచి ట్రాలీ సెంటర్ బోల్టు తీశాడు. రంధ్రంలో సరిగ్గా పట్టింది. స్పానరుకు గజంపొడుగు పైపు తొడిగి, ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల, కొంచెం కొంచెంగా బిగించాడు. కుడిపక్క తెగకపోయినా దాన్నీ విప్పి గీకాడు. నాలుగువందలు తీసుకున్నాడు.

చేతులు తుడుచుకుని, "లోపల పండుకోవచ్చా?" అనడిగాడు. చెప్పులు విప్పి ఎక్కి, పరుపు మీద వెల్లకిలా పడుకుని, కప్పులో తిరిగే ఫ్యాను వైపు చాలాసేపు చూశాడు. "అడవి పందుల కావలికి మస్తుంటది సార్ ఇది. మక్క పెట్టినప్పుడు రాత్రి మంచెమీద దోమలు పీకి పెడతయి. గిసొంటిది ఎంతల అయితది?" చెప్పాను. నవ్వి దిగిపోయాడు.

ఆ రాత్రి నాగ్సాన్‌పల్లి దిక్కున, కోత అయిపోయిన ఒక మడిగట్టు పక్కన, రైతునడిగి ఆగాం. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలి, బండల మధ్య పారి, మళ్లీ ఒకటవుతుంది. నడుమన వనదుర్గమ్మ. శివరాత్రి జాతరకు కాలు పెట్టే సందుండని చోటు, ఆ రోజు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పైన 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట. రైతు ఇంటినుంచి నాలుగు జొన్నరొట్టెలు వచ్చాయి, మా వంటగదిలో గుడ్ల పులుసు. వెనక తలుపు తీస్తూ భయపడ్డాను, గిన్నెలు వేలితో రుద్ది చూశాను. దుమ్ము లేదు! పెద్దాయనకు అప్పటికప్పుడు ఫోన్ చేసి చెప్పాలనిపించింది, కానీ మిగతా సంగతీ చెప్పాల్సొస్తుందని మానేశాను.

చలికి తలుపులూ కప్పు మూతా బిగించి పడుకున్నాం. తెల్లవారుజామున ముక్కుమీద నీటిచుక్క పడి మెలకువ వచ్చింది. ఇద్దరి ఊపిరి తేమంతా లోపలి కప్పుకు పట్టి జారుతోంది. మూత రెండంగుళాలు తెరిచాను. దాంతోపాటు మా బామ్మర్ది గురక కూడా కొంత బయటికి పోయింది.

మర్నాడు మెదక్ చర్చి చూశాం. కరువుకాలంలో జనానికి పని చూపించి, తిండిపెట్టి, పదేళ్లు కట్టి 1924 క్రిస్మస్ నాడు తెరిచిన కట్టడం. అక్కడినుంచి పోచారం చెరువు. అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఉండే వీల్లేదు, కట్టమీద అన్నం తిని వెనక్కి తిరిగాం. రెండు రోజుల్లో యు బోల్టులు మూడుసార్లు బిగించాను. ఒక్కసారి కూడా స్పానరు కదల్లేదు.

కిష్టారెడ్డిపేట షెడ్డులో పెద్దాయన కిందకు వంగి, గీకిన ఇనుమును, కొత్త బోల్టును చూశాడు. ఎవరు చేశారని అడిగాడు, చెప్పాను. "మంచిగ చేసిండు" అని లేచి, రెడ్ ఆక్సైడు డబ్బాలో కుంచె ముంచి, నా నల్లటి ఛాసిస్ మీద బెత్తెడు పొడవున "50" అని రాశాడు. రెండు ఎర్ర ధారలు కిందికి కారాయి.

"ఫోటో తీసుకోండ్రి సార్, ఇప్పుడు."