కోపానికి పొంతన

మా కరీంనగరంలో పెళ్ళి సంబంధమంటే గణాలూ, గ్రహాలూ చూస్తారు. కోపతాపాల సంగతి అడిగే నాథుడు లేడు. అమెరికాలో కెల్లీ, కాన్లీ అనే మానసిక శాస్త్రజ్ఞులు 1987లో ఒక మాట తేల్చారు. 1930లనాటి 300 జంటల కథను 1980 దాకా కనిపెట్టి చూసిన ఫలితం అది: ఆలుమగల్లో ఎవరికైనా సరే చీటికీమాటికీ కలతపడే స్వభావమున్నా, మగవాడికి నిగ్రహం లేకున్నా కాపురానికి ముప్పెక్కువ.

మొన్న మా మేనకోడలికి నిర్మల్ సంబంధం చూడబోయాం. జాతకాలు దివ్యంగా కుదిరాయట! పెళ్ళికొడుకు చెల్లెలి చేతిలోంచి చాయ్ కప్పు జారింది. అతను పల్లెత్తు మాటనలేదు, చూశాడంతే. ఆ పిల్ల వణుకుతూ నేల తుడిచింది.

"మొగోడన్నంక కోపముండదా?" అన్నాడు బావ, బస్సులో.

ఇంటికి రాగానే, "మామా, అతనెట్లాంటోడు?" అంది అమ్మాయి. చూసింది చూసినట్టు చెప్పాను.

బావ ముహూర్తానికి పంచాంగం తీశాడు. అమ్మాయి వచ్చి దాన్ని మెల్లగా మూసింది.