ఇరవై ఒక్క రోజుల లెక్క

బెళుగుప్పలో వాన మొహం చాటేస్తే వేరుశనగ చేతికి రాదు. అప్పుడు ఇంటిని ఆదుకునేది పాడే. అందుకే ఆవు ఎదకొచ్చిన పూట కనిపెట్టి చూలు కట్టించలేకపోతే ఆ ఇంటికి పెద్ద దెబ్బ.

ఆవు సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఆ లక్షణాలు నిలిచేది కొన్ని గంటలే. రాత్రిపూట వస్తే రైతు నిద్రలో ఉంటాడు. తెల్లారి చూస్తే తోకకు అంటుకుని ఎండిపోయిన జిగురు తీగలే మిగులుతాయి. ఇంక మరో 21 రోజులు మేత కొని ఎదురుచూడాలి.

ఎదలో ఉన్న ఆవు కుదురుగా ఉండదు, మామూలు కంటే ఎక్కువ తిరుగుతుంది. అమెరికాలో కిడ్డీ అనే పరిశోధకుడు ఆవుల కాళ్లకు అడుగులు లెక్కపెట్టే పరికరాలు కట్టి 1977లోనే ఈ సంగతి చూపించాడు. బెంగళూరు సంస్థ స్టెల్‌యాప్స్ తెచ్చిన ‘మూఆన్’ పట్టీ కూడా కాలికి కట్టేదే. కదలికను బట్టి ఎదను పసిగట్టి కబురు పంపుతుంది.

గుంజకు కట్టేసిన ఆవు దగ్గర ఈ లెక్క అంత బాగా కుదరదు. రెండు మూడు ఆవులున్న ఇంటికి ఖరీదూ భారమే. పాల సంఘాలు, పశుసంవర్ధక శాఖ కలిసి ఈ భారం పంచుకోవాలి.

అంతవరకు రైతన్నలూ, ఎద తేదీని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. 18వ రోజు నుంచి పడుకునేముందు కొట్టంలో టార్చి వేసి చూడండి. సాయంత్రం ఎద కనిపిస్తే మర్నాడు పొద్దున్నే, చూలు సూది వేసే గోపాలమిత్రను పిలవండి.