కంచులో ఒక చక్రవర్తి ముఖము

దేవుని కృపనుబట్టి పరిచర్య నిమిత్తము అమెరికా వెళ్ళిన మేము, తిరుగు ప్రయాణానికి ముందు భార్యాసమేతముగా న్యూ ఆర్లీన్స్ పట్టణము చూడగలిగాము. మిసిసిపి నదికి దగ్గరలో, సెయింట్ లూయిస్ కతీడ్రల్ ప్రక్కనే కబిల్డో అనే పాత కట్టడమున్నది. ఇప్పుడది మ్యూజియం. 1803 డిసెంబరు 20న ఫ్రాన్సు దేశము లూసియానా ప్రాంతాన్ని అమెరికాకు అప్పగించినది ఇక్కడే. దానిని కోటీ యాభై లక్షల డాలర్లకు అమ్మిన నెపోలియన్ ఈ పట్టణములో ఎన్నడూ అడుగుపెట్టలేదు. వచ్చినది అతని ముఖము మాత్రమే.

గుర్రమెక్కిన నెపోలియన్‌ను బొమ్మలలో చూచినవారము గనుక అటువంటి విగ్రహమే ఉంటుందనుకున్నాము. ఉన్నది, కంచుతో పోసిన చనిపోయిన మనిషి ముఖము. కన్నులు మూసికొని, బుగ్గలు లోనికి పోయి, పెదవులు కొంచెము విడివడి ఉన్నవి. 1821 మే 5న సెయింట్ హెలీనా దీవిలో, ఆంగ్లేయుల బందీగా, 51 ఏండ్ల ప్రాయములో అతడు మరణించాడు. రెండు రోజులకు ముఖము మీద అచ్చు తీశారు. అతని వైద్యుడు ఆంటోమార్కి 1833లో ఫ్రాన్సులో కంచు నకళ్ళు పోయించి, ఒకటి 1834లో ఈ పట్టణానికి బహూకరించాడు.

“ఏవండీ, పాపం, ఎవరో పెద్దాయన జ్వరంతో పడుకున్నట్టున్నాడు” అన్నది మా ఇల్లాలు. యూరపు రాజులను గడగడలాడించినవాడని చెప్పాము. ఆమెకు నమ్మకము కుదరలేదు. ఆ ముఖము చూస్తే చెప్పిన మాకూ కుదరలేదు.

తరువాతి సంగతి ఇంకను వింత. 1853లో సామాను మార్చే సందడిలో ఇది ఎటో పోయినది. 1866లో పట్టణపు మాజీ కోశాధికారి ఒకాయన, వీధిలో పోతున్న పాత సామాను బండిలో దీనిని చూచి గుర్తుపట్టాడు. చేతులు మారి మారి 1909లో గాని తిరిగి రాలేదు. చక్రవర్తి ముఖము తూకానికి పోవలసినదే!

దానియేలు గ్రంథములోని ప్రతిమ జ్ఞాపకమొచ్చి, ప్రసంగానికి మంచి దృష్టాంతము దొరికినదని సంచిలోనుండి నోటు పుస్తకము తీశాము. దానితోపాటు మడిచిన కాగితమొకటి జారిపడినది. మా సంఘములో నూతన మందిరపు శిలాఫలకము మీద ఎవరి పేరు ముందు అని మూడు కమిటీ కూటములు జరిగినవి. పెద్దలిద్దరు మాటలు మానుకున్నారు. సర్దిచెప్పవలసిన పాస్టరుగా మేము చేసినదేమనగా, మా పేరు పై వరుసలో పెద్ద అక్షరాలతో పెట్టి ఆ చిత్తుప్రతి వ్రాయుట.

ఇల్లాలు కాగితము తీసి చదివి, ఏమీ అనక మా చేతికిచ్చినది.

ఆ రాత్రే ఊరికి ఫోను చేసి, రాయి చెక్కే మేస్త్రిని ఆపమన్నాము. ప్రతిష్ఠ తేదీ ఒక్కటి వేస్తే చాలునన్నాము. పెద్దలు ఆలోచించి చెప్తామన్నారు.