చెమటతో పోయే బరువు

ఎండలు ముదిరే నాటికి చందూర్‌లో డాక్టరునైన నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు బరువు మిషన్ ఎక్కకుండా వెళ్లరు. తెల్లవారుజామున కాలువ కట్ట మీద పరుగెత్తి, బనీను పిండితే నీళ్లు కారేంత చెమట పట్టించుకుని నేరుగా వచ్చేస్తారు. "సార్, కిలోన్నర తగ్గిన" అంటారు. ముల్లు అబద్ధం చెప్పదు. కిలోన్నర నిజంగానే పోయింది. కాకపోతే పోయినదంతా నీళ్లూ, కొద్దిగా ఉప్పూ. మధ్యాహ్నం అన్నం తిని, చెంబుడు నీళ్లు రెండుసార్లు తాగేసరికి అది తిరిగొస్తుంది.

వాళ్లకు నేను కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. 70 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది సుమారు 350 కేలరీలు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. అంటే ఆ పరుగులో కరిగే కొవ్వు మహా అయితే 45 గ్రాములే. అదే దూరం డిసెంబర్ చలిలో పరుగెత్తినా కొవ్వు ఇంచుమించు అంతే కరుగుతుంది, చెమట మాత్రం అందులో సగం కూడా రాదు. చెమట ఉన్నది ఒళ్లు చల్లబరచడానికి. లీటరు చెమట చర్మం మీద ఆరిపోతూ 580 కేలరీల వేడిని లాక్కుపోతుంది. ఆ వేడి అప్పటికే ఒంట్లో ఉన్నదే. దాన్ని బయటికి పంపడానికి కొత్తగా కొవ్వు కరగక్కర్లేదు.

మరి కరిగిన కొవ్వు ఎటు పోతుంది? ఈ ప్రశ్నకు చాలామంది చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ లెక్క తేల్చారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలే నీరవుతుంది. మనం సన్నబడేది ముఖ్యంగా ఊపిరితో.

ఒక మే నెలలో, పెళ్లికి మూడు వారాలుందనగా ఓ యువకుణ్ని ఇద్దరు స్నేహితులు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. వర్షాకాలంలో వేసుకునే ప్లాస్టిక్ కోటు, ప్యాంటు, వాటి మీద స్వెటర్. ఆ వేషంతో గంటసేపు పరుగెత్తాడట. కోటు చేతి మడత విప్పితే చెమట ధార కట్టి గచ్చు మీద పడింది. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. జ్వరం 103, వాంతులు. మాట మాత్రం తెలివిగానే ఉంది, అది అదృష్టం. ప్లాస్టిక్ లోపల చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఒళ్లు కాగుతూనే ఉంటుంది, నీళ్లు పోతూనే ఉంటాయి. బట్టలు విప్పించి, తడిగుడ్డలు వేసి ఫ్యాను కింద పడుకోబెట్టాం. వాంతులు తగ్గాక ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగించాం. "గ్లూకోజ్ ఎక్కించుండ్రి సార్" అని స్నేహితులు ఒకటే పోరు. మన ఊళ్లలో ఆ సీసా మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, ఉప్పు అసలుండదు. అతను పోగొట్టుకున్నదేమో ఉప్పు, నీళ్లు. మర్నాడు మిషన్ ఎక్కిస్తే బరువు పరుగుకు ముందు ఎంతో అంతే.

అందరూ ఇలా బయటపడరు. 1997 నవంబర్, డిసెంబర్ నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలాగే రబ్బరు సూట్లు తొడుక్కుని, వేడి గదుల్లో వ్యాయామం చేస్తూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ కుస్తీలో అలాంటి సూట్లను నిషేధించారు. కుస్తీ, బాక్సింగ్ లాంటి ఆటల్లో బరువును బట్టే విభాగాలుంటాయి మరి. మన నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యింది 52 కిలోల విభాగంలో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగమే లేదు, 50 కిలోలకు దిగాల్సి వచ్చింది. అదే పారిస్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ రాత్రంతా చెమటోడ్చినా, జుట్టు కత్తిరించుకున్నా, 2024 ఆగస్టు 7 ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్‌కు దూరమైంది. వాళ్లు నీళ్లు తగ్గించుకునేది కాసేపటి తూకం కోసం, పక్కన నిపుణులను పెట్టుకుని. పెళ్లికొడుక్కి ఏ తూకం ఉంది?

ఈ ప్రాంతంలో అందరికంటే ఎక్కువ చెమటోడ్చేది నాట్లేసే ఆడవాళ్లు, రైస్‌మిల్లు హమాలీలు. వాళ్లు సన్నబడాలని నన్నెప్పుడూ అడగలేదు. పొలం దగ్గర చాటు దొరకదని ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. సాయంత్రానికి మూత్రంలో మంటతో వస్తారు. ఇది మందుబిళ్లతో తీరే జబ్బు కాదని నాకు తెలుసు. అయినా బిళ్లే రాసిస్తుంటాను, అది నన్ను బాధపెడుతుంది.

చెమట, బరువు తగ్గడం నిజంగా జంటగా వచ్చే సందర్భాలూ ఉన్నాయి. అవే నన్ను కంగారు పెడతాయి. బీడీలు చుట్టే ఒకామె వచ్చి, "చేతులు తడిసిపోతున్నయ్ సార్, తంబాకు అరచేతికే అంటుకుంటున్నది" అంది. చుట్టిన బీడీలు బాగా లేవని తిప్పి పంపుతున్నారట. రెండింతలు తింటున్నా జాకెట్లు వదులైపోయాయి. "ఏం తిని ఇట్ల సన్నబడ్డవ్?" అని వాడకట్టు ఆడవాళ్లు ఆశగా అడుగుతున్నారట. చేతులు చాచమని, వాటి మీద ఓ కాగితం పెట్టాను. అంచు సన్నగా వణికింది. కూర్చుని ఉండగానే నాడి 120. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది. ఒళ్లు తిన్నదాన్నంతా వేగంగా కాల్చేస్తోంది, ఆ వేడి పోగొట్టుకోవడానికి చెమట పోస్తోంది. మాత్రలు వాడిన కొన్ని వారాలకు అరచేతులు ఆరాయి, బరువు తిరిగొచ్చింది, బీడీలు తిప్పి పంపడం ఆగింది.

ఇంకొకరు గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన యువకుడు. "దుబాయ్ ఎండలకే ఇట్లయిండు సార్" అంది తల్లి. దగ్గు సంగతి అడిగితే, "సిగరెట్లు తాగుతడు గద" అంది. నేను ఆగిపోయింది ఆమె మాటల మధ్యలో చెప్పిన ఇంకో సంగతి దగ్గర. డిసెంబర్ నెలలో, దుప్పటి కప్పుకోకపోయినా, తెల్లారేసరికి కొడుకు దిండు గలీబు తడిసిపోతోందట. ఎండా లేదు, పనీ లేదు, మరి చెమటెందుకు? బోధన్ సర్కారు దవాఖానకు తెమడ పరీక్షకు పంపాను. క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు మానకుండా వాడాడు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు.

కాబట్టి సన్నబడాలనుకుంటే పలుచటి నూలు బట్టలు వేసుకుని, నీళ్లు తాగుతూ నడవండి, పళ్లెంలో అన్నం తగ్గించండి. అడగకుండానే బరువు తగ్గుతూ, రాత్రిళ్లు చెమట పడుతూ, రెండు వారాలకు మించి దగ్గుంటే మాత్రం ఎండ మీదకు నెట్టేయకండి. తెమడ పరీక్షా, పూర్తి మందులూ సర్కారు దవాఖానలో ఉచితం. చికిత్స సాగినన్నాళ్లూ పౌష్టికాహారం కోసం నెలకు 1,000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలోనే వేస్తారు.