ముక్కాలిపీట

పాత బళ్ళు బాగుచేసుకునేవాళ్ళలో రెండు మతాలున్నాయి. కార్ఖానా నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి, మర కూడా మారకూడదనేది ఒకటి. ఎక్కి తిరిగేది మనం కాబట్టి మనకు వీలుగా ఉండాలనేది రెండోది. మా ఇంట్లో మొదటి మతానికి మా తమ్ముడు పీఠాధిపతి. రెండోదానికి డెబ్బై రెండేళ్ళ మా అమ్మ.

వివాదం నాన్నగారి బాదల్ గురించి. ఈ తరం వాళ్ళకు ఆ పేరే తెలియదు. 1975 నుంచి కొన్నేళ్ళపాటు బెంగళూరులో తయారైన బుల్లి బండి అది. ముందొక చక్రం, వెనక రెండు. వెనకవైపు స్కూటరు ఇంజనుకు అన్నగారిలాంటి 198 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. ఒళ్ళు ఇనుము కాదు, ఫైబర్‌గ్లాసు. బాదల్ అంటే హిందీలో మేఘం. మా వీధి పిల్లలు మాత్రం ‘ముక్కాలిపీట’ అనేవారు. ఇంగ్లండులో రిలయంట్ కంపెనీవారి మూడు చక్రాల బళ్ళను, బరువు తక్కువని, మోటారుసైకిలు లైసెన్సుతోనే నడపనిచ్చేవారు. అంటే చట్టం దృష్టిలో అవి గోడలూ కప్పూ ఉన్న మోటారుసైకిళ్ళన్నమాట!

నాన్నగారు పోయిన రెండో ఏట, పెరట్లో రేకుల షెడ్డు కింద పాతికేళ్ళుగా పడున్న బాదల్ మీది టార్పాలిన్ తీశాడు తమ్ముడు. ఒళ్ళు చూస్తే భేషుగ్గా ఉంది. ఫైబర్‌గ్లాసుకు తుప్పు పట్టదు. పైపొర మాత్రం అక్కడక్కడ సాలెగూడులా బీటలిచ్చింది, అంతే. కిందికి వంగి ఇనుప చట్రాన్ని వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. పైకి నిగనిగలాడుతూ లోలోపల అరిగిపోయే ఇల్లాళ్ళు ఎంతమంది లేరూ అనుకున్నాను. నవలలు రాసేదాన్ని, బండిని చూసినా బుద్ధి అటే పోతుంది.

చట్రానికి వెల్డింగు అయ్యాక ఒంటికి వైద్యం మొదలైంది. పాత రంగు తీయడానికి మంటా, ఘాటు మందులూ పనికిరావు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్ళు పోసుకుంటూ గరుకు కాగితంతో రుద్దాలి. ఆ గాజుపొడి ఒంటికి తగిలితే దురద. పగులును గీకి వెడల్పు చేసి, గాజునార చాపముక్కలు పరిచి, రెజిన్ పూసి, గాలిబుడగ మిగలకుండా నొక్కాలి. రెజిన్‌లో గట్టిపరిచే మందు నూటికి ఒకటి రెండు పాళ్ళే. ఎండాకాలంలో చెయ్యి జారిందా, డబ్బాలోనే రాయవుతుంది. మైసూరుపాకు చేసినంత గురి ఉండాలి. అందుకే గాబోలు, అమ్మ కుర్చీ వేసుక్కూర్చుని, “ఒరేయ్, చాలు, ఇంక కలపకు” అంటూ ఉండేది.

అలా కూర్చునే ఓ రోజు తన కోరికలు చెప్పింది. ముందు సీటు నాలుగంగుళాలు ఎత్తు చెయ్యాలి. లేచేటప్పుడు పట్టుకోవడానికి పిడి కావాలి. రంగు చిలకపచ్చ ఉండాలి.

తమ్ముడు అదిరిపడ్డాడు. “నాన్నగారి బండమ్మా! ఆయనుంచినట్టే ఉండాలి. 2021లో కేంద్రం వింటేజి బళ్ళకు నియమాలు చేసింది తెలుసా? యాభయ్యేళ్ళు దాటి, అసలు రూపు మారనివాటికే ఆ గౌరవం.”

“ఎన్ని చక్రాల బళ్ళకురా?”

“రెండుకీ, నాలుగుకీ…” అని ఆగిపోయాడు.

అమ్మ నవ్వలేదు. “ఈ బండి కొన్నప్పుడు రంగు ఏది కావాలని నన్నెవరూ అడగలేదు. బూడిదరంగు వచ్చింది, ఎక్కి కూర్చున్నాను. అదీ వెనక సీట్లో, మిమ్మల్నిద్దర్నీ ఒళ్ళో వేసుకుని. ముందు సీటు ఎప్పుడూ మీ నాన్నగారి స్నేహితులదే. ఆయన మంచివారే. ఉండుంటే ఇప్పటి నా మోకాళ్ళు చూసి ఆయనే పీట వేయించేవారు. ఆయన బండిని దాచుకుంటావో, ఆయన మనసును దాచుకుంటావో నువ్వే తేల్చుకో.”

వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, “బూడిదరంగు పోతే నాన్నగారి వాసన పోతుందేమో అక్కా” అన్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు. నేనేం చెప్పను?

చివరికి వాడే దారి చూసుకున్నాడు. పాత సీటును కొయ్యలేదు, కింద విప్పుకోవడానికి వీలైన పెట్టె బిగించాడు. పిడికి మాత్రం ఆలోచన అవసరమైంది. ఫైబర్‌గ్లాసుకు నేరుగా మర బిగిస్తే బరువంతా ఒక్కచోట పడి పగులుతుంది. వెనకాల ఇనుపరేకు పెట్టి ఆ బరువును నలువైపులా పంచాలి. ఇంజను మూత లోపలివైపు మాత్రం జానెడు మేర బూడిదరంగు అలాగే ఉంచాడు. మూత ఎత్తి చూసేవాడు వాడొక్కడేగా!

రంగు మార్చితే రిజిస్ట్రేషన్ కాగితాల్లోనూ మార్పించుకోవాలి. నాన్నగారు పోయాక యజమానిగా అమ్మ పేరు ఎక్కించాం కాబట్టి దరఖాస్తుమీద సంతకం ఆవిడే చెయ్యాలి. కళ్ళజోడు సర్దుకుని, రంగు అన్నచోట తమ్ముడు రాసింది రెండుసార్లు చదివి మరీ చేసింది.